చావని కణం: పెద్దపేగు క్యాన్సర్ పెరుగుదలలో కణమరణ జన్యువుల పాత్ర

డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు స్మారకోపన్యాసం



డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు గారి పేరు మీద మాట్లాడటం నాకు గౌరవం, దాంతోపాటు బాధ్యత కూడా. ఆయన 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. మద్రాసులో వైద్యం చదివి 1920ల తొలి ఏళ్లలో అమెరికా చేరారు. 1948 ఆగస్టు 8న, 53 ఏళ్ల వయసులో, ఆ దేశంలోనే కన్నుమూశారు. ఆ కొద్ది జీవితంలో ఆయన చేసిన పనులు ఇవాళ్టికీ ప్రతి ఆసుపత్రిలో, ప్రతి జీవరసాయన ప్రయోగశాలలో నడుస్తూనే ఉన్నాయి.

ఈ ఉపన్యాసానికి పెద్దపేగు క్యాన్సర్‌ను ఎంచుకోవడానికి కారణం ఉంది. సుబ్బారావు గారి కుటుంబాన్ని కోలుకోలేని దెబ్బ తీసింది పేగు జబ్బే. స్ప్రూ అనే ఆ వ్యాధికి ఆయన సోదరులు బలయ్యారు. ఆయనా ఆ జబ్బుతో బాధపడి, ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద చికిత్సతో కోలుకున్నారు. ఆ వ్యాధికి పనికొచ్చే ఫోలిక్ ఆమ్లాన్ని తర్వాతి కాలంలో ఆయన నాయకత్వంలోని లెడర్లీ ప్రయోగశాలే కృత్రిమంగా తయారుచేసింది.

ఇంకొక కారణం శాస్త్రానిది. ఆయన పేరుతో ముడిపడ్డ రెండు అణువులు ఇవాళ నేను చెప్పబోయే కథలో కీలకమైన చోట్ల నిలబడి ఉన్నాయి. మొదటిది ఏటీపీ. 1929లో హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి సుబ్బారావు గారు దీన్ని కండరాల నుంచి వేరుచేశారు. అదే కాలంలో జర్మనీలో కార్ల్ లోమాన్ కూడా విడిగా కనుక్కున్నారు. రెండవది ఫోలిక్ ఆమ్లం. కణం తన ప్రాణం తాను తీసుకోవడానికి ఏటీపీ కావాలి. చావడానికి మొరాయించే పేగు క్యాన్సర్ కణాన్ని చావువైపు నెట్టే చికిత్సలో ఫోలిక్ ఆమ్లపు మరో రూపం కావాలి. ఈ రెండు సంగతులనూ కలిపే దారిలో మిమ్మల్ని తీసుకువెళతాను.

నేను చెప్పదలచినది ఒక్క మాటలో ఇదీ: పెద్దపేగు క్యాన్సర్‌ను కణాలు అతిగా పుట్టే జబ్బుగా మాత్రమే చూస్తే సగమే అర్థమవుతుంది. చావాల్సిన కణాలు చావకపోవడం ఆ జబ్బులో మిగతా సగం. ఆ సగాన్ని నడిపించే జన్యువులను అర్థం చేసుకుంటే జబ్బు ఎందుకు పెరుగుతుందో, మందుకు ఎందుకు లొంగదో, ఎక్కడ ఆపవచ్చో తెలుస్తుంది.

పుట్టుక, చావుల లెక్క

పెద్దపేగు లోపలి పొర కంటికి నున్నగా కనిపిస్తుంది. మైక్రోస్కోపు కింద అదే పొరలో లక్షల కొద్దీ సన్నని గుంటలు కనిపిస్తాయి. వీటిని క్రిప్ట్‌లు అంటాం. ప్రతి క్రిప్ట్ అడుగున కొన్ని మూలకణాలు ఉంటాయి. నెదర్లాండ్స్‌లో హాన్స్ క్లీవర్స్ బృందం 2007లో ఎల్‌జీఆర్5 అనే గుర్తు ఆధారంగా వీటిని తేల్చి చూపింది. మూలకణాలు విభజన చెందుతాయి. కొత్త కణాలు గోడ వెంట పైకి జరుగుతూ పరిణతి పొందుతాయి. ఉపరితలానికి చేరాక అక్కడ చనిపోయి పేగులోకి రాలిపోతాయి. అడుగు నుంచి పైదాకా ఈ ప్రయాణం సుమారు వారంలోపే ముగుస్తుంది. మన జీవితమంతా ఈ పొర ఇలా పాతదాన్ని వదిలి కొత్తదాన్ని తెచ్చుకుంటూనే ఉంటుంది.

చెరువులో నీటిమట్టం వచ్చే వాగు ఒక్కదాన్ని బట్టి ఉండదు, పొంగి పోయే అలుగును బట్టి కూడా ఉంటుంది. అలుగు మూసుకుపోతే సన్నని వాగుకు కూడా కట్ట తెగుతుంది. పేగు పొరలో పుట్టే కణాల సంఖ్యను సరిచేసే అలుగు కణమరణమే.

ఈ సంగతిని లెక్కలతో చూపినవారు బ్రిటిష్ శాస్త్రవేత్త గార్డన్ స్టీల్. కణాలు విభజన చెందే వేగాన్ని బట్టి చూస్తే చాలా కణితులు కొద్ది రోజుల్లోనే రెట్టింపు కావాలి. వాస్తవంలో వాటికి నెలలు పడుతుంది. మధ్యలో తేడా ఎక్కడికి పోయింది? పుట్టిన కణాల్లో అత్యధికం చనిపోతున్నాయని 1967లో ఆయన వివరించారు. అంటే క్యాన్సర్‌లో కూడా మరణం ఆగిపోలేదు, తగ్గింది. ఆ తగ్గుదల స్వల్పమైనా నెలలు, సంవత్సరాలు గడిచేసరికి దాని ఫలితం పెద్ద గడ్డగా కనిపిస్తుంది.

కణితి ఏర్పడే తొలి దశలోనే ఈ క్రమం చెదురుతుంది. మామూలు క్రిప్ట్‌లో విభజన అడుగున, మరణం పైన జరుగుతాయి. అడినోమా అనే బుడిపెలో, అంటే క్యాన్సర్‌కు ముందు దశలో ఉండే పాలిప్‌లో, ఇది తలకిందులవుతుంది. విభజన చెందే కణాలు ఉపరితలం దగ్గర, చనిపోయేవి అడుగున కనిపిస్తాయి. పాథాలజీ వృత్తిలో ఉన్నవాళ్లం ప్రతిరోజూ చూసే స్లైడులో ఈ తారుమారు స్పష్టంగా ఉంటుంది. 1995లో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయం నుంచి వచ్చిన పరిశోధన ఇంకొక మెట్టు ఎక్కింది. మామూలు పొర నుంచి అడినోమాకు, అడినోమా నుంచి క్యాన్సర్‌కు వెళ్లే కొద్దీ కణాలకు చనిపోయే గుణం అంచెలంచెలుగా తగ్గుతుందని అది చూపింది.

పురుగు నుంచి మనిషి దాకా

కణం కొన్ని పరిస్థితుల్లో ఒక పద్ధతి ప్రకారం చనిపోతుందని, దెబ్బ తగిలి చచ్చే చావుకూ దీనికీ పోలిక లేదని 1972లో జాన్ కెర్, ఆండ్రూ వైలీ, అలిస్టేర్ కర్రీ ఒక వ్యాసంలో వివరించారు. దానికి అపోప్టోసిస్ అని పేరు పెట్టారు. ఇందులో కణం కుంచించుకుపోతుంది, కేంద్రకం ముక్కలవుతుంది, కణమంతా చిన్న చిన్న పొట్లాలుగా విడిపోతుంది. పక్కనున్న కణాలు వాటిని మింగేస్తాయి. వాపు ఉండదు, మచ్చ మిగలదు.

ఈ మరణానికి జన్యువులు ఉన్నాయని తేలింది ఒక మిల్లీమీటరు పొడవుండే పురుగులో. సీనోరాబ్డైటిస్ ఎలిగాన్స్ అనే ఆ పురుగు ఎదిగేటప్పుడు 1,090 కణాలు పుడతాయి, వాటిలో సరిగ్గా 131 చనిపోతాయి. ఏ కణం ఎప్పుడు చావాలో ముందే నిర్ణయమై ఉంటుంది. రాబర్ట్ హోర్విట్జ్ బృందం అందుకు కారణమైన జన్యువులను పట్టుకుంది. సెడ్-3, సెడ్-4 చంపుతాయి, సెడ్-9 కాపాడుతుంది. ఈ కృషికి సిడ్నీ బ్రెన్నర్, జాన్ సల్‌స్టన్, హోర్విట్జ్‌లకు 2002లో నోబెల్ బహుమతి వచ్చింది.

అదే సమయంలో మనుషుల రక్త క్యాన్సర్ వైపు నుంచి మరొక దారి తెరుచుకుంది. ఫాలిక్యులార్ లింఫోమా అనే జబ్బులో 14వ, 18వ క్రోమోజోముల ముక్కలు చోటు మార్చుకుంటాయి. ఆ అతుకు దగ్గర ఉన్న జన్యువును 1984 ప్రాంతంలో యోషిహిదే సుజిమోటో, కార్లో క్రోచే వేరుచేసి బీసీఎల్-2 అన్నారు. అప్పటికి తెలిసిన క్యాన్సర్ జన్యువులన్నీ విభజనను పెంచేవే కనుక ఇదీ ఆ కోవదేనని అందరూ అనుకున్నారు. 1988లో మెల్‌బోర్న్‌లో డేవిడ్ వాక్స్, సుజాన్ కోరీ, జెర్రీ ఆడమ్స్ ఆ ఊహను తిరగరాశారు. బీసీఎల్-2 కణాన్ని విభజించమని తొందరపెట్టదు. చావాల్సిన కణాన్ని చావనివ్వదు. చావును ఆపడం వల్ల కూడా క్యాన్సర్ రావచ్చని వైద్యశాస్త్రం నేర్చుకున్నది ఇక్కడే. పురుగులోని సెడ్-9, మనిషిలోని బీసీఎల్-2 ఒకే వంశానివని 1994లో తేలింది.

ఈ వంశంలో రెండు వర్గాలున్నాయి. బీసీఎల్-2, బీసీఎల్-ఎక్స్ఎల్, ఎంసీఎల్-1 ప్రాణం నిలబెట్టేవి. బ్యాక్స్, బ్యాక్ ప్రాణం తీసేవి. ప్యూమా, బిమ్, బిడ్ లాంటి చిన్న ప్రోటీన్లు ప్రమాద సంకేతం అందగానే మొదటి వర్గాన్ని పట్టుకుని కదలనివ్వవు, రెండవ వర్గాన్ని వదిలిపెడతాయి. అప్పుడు బ్యాక్స్, బ్యాక్ మైటోకాండ్రియా పైపొరకు రంధ్రాలు చేస్తాయి. సైటోక్రోమ్ సి బయటికి కారుతుంది. అది అపాఫ్-1 అనే ప్రోటీన్‌తో కలిసి ఒక చక్రం కడుతుంది. ఆ చక్రం మీద కాస్పేజ్-9 మేల్కొని కాస్పేజ్-3ను లేపుతుంది. కాస్పేజ్-3 కణంలోని ప్రోటీన్లను కోయడం మొదలుపెడితే ఇక వెనక్కి తిరగడం దాదాపు అసాధ్యం.

ఆ చక్రం కట్టుకోవడానికి ఏటీపీ గానీ దాని దగ్గరి రూపమైన డీఏటీపీ గానీ ఉండి తీరాలి. షియాడాంగ్ వాంగ్ బృందం 1996లో ఈ అవసరాన్ని చూపింది. మరుసటి ఏడాది సుజిమోటో బృందం ఇంకొక సంగతి బయటపెట్టింది. కణంలో ఏటీపీ తగినంత ఉంటే అది పద్ధతి ప్రకారం చస్తుంది, ఏటీపీ అడుగంటితే పగిలి, చుట్టుపక్కల వాపు తెచ్చి చస్తుంది. కండరం పనిచేయడానికి శక్తి ఎక్కడినుంచి వస్తుందని వెతుకుతూ సుబ్బారావు గారు కనుక్కున్న అణువు, కణం ఎలా చావాలో నిర్ణయించేది కూడా అయింది. ఆయన కృషి వెడల్పు ఎంతటిదో చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు దొరకలేదు.

పెద్దపేగులో ఏం జరుగుతుంది

1990లో ఎరిక్ ఫియరాన్, బెర్ట్ వోగెల్‌స్టైన్ పెద్దపేగు క్యాన్సర్ అంచెలంచెలుగా ఎదిగే తీరును ప్రతిపాదించారు. ఒక జన్యువు చెడితే బుడిపె, మరొకటి చెడితే పెద్ద బుడిపె, ఇంకొకటి చెడితే క్యాన్సర్. ఇందుకు సాధారణంగా పది సంవత్సరాలో అంతకంటే ఎక్కువో పడుతుంది. ఈ మెట్లలో దాదాపు ప్రతిదానికీ కణమరణంతో సంబంధం ఉంది.

మొదటి మెట్టు ఏపీసీ జన్యువు. 1991లో దీన్ని గుర్తించారు. పెద్దపేగు క్యాన్సర్లలో దాదాపు 80 శాతం వాటిలో ఇది చెడి ఉంటుంది. పుట్టుకతోనే ఇది చెడినవారికి యుక్తవయసులోనే వందలు, వేలు బుడిపెలు వస్తాయి. చికిత్స చేయకపోతే వారిలో క్యాన్సర్ దాదాపు తప్పదు. ఏపీసీ చెడితే బీటా కెటెనిన్ అనే ప్రోటీన్ పేరుకుని విభజనకు ఆజ్ఞలు ఇస్తూనే ఉంటుంది. అయితే 1996లో వోగెల్‌స్టైన్, కెన్నెత్ కింజ్లర్ ప్రయోగశాలలో పెద్దపేగు క్యాన్సర్ కణాల్లోకి మంచి ఏపీసీని తిరిగి ప్రవేశపెట్టినప్పుడు ఆ కణాలు చనిపోయాయి. విభజనకు కళ్లెం వేసే జన్యువు మరణానికీ దారి తీస్తుందన్నమాట.

ఇక్కడ ఆలోచించాల్సిన విషయం ఒకటుంది. బీటా కెటెనిన్ ఆజ్ఞతో మిక్ అనే జన్యువు చురుకెక్కుతుంది. మిక్ కణాన్ని పరుగెత్తిస్తుంది. కానీ పోషక సంకేతాలు సరిగా లేనప్పుడు అదే మిక్ కణాన్ని చంపుతుందని జెరార్డ్ ఇవాన్ బృందం 1992లో చూపింది. అదుపు తప్పి పెరిగే కణాన్ని ఆదిలోనే తుడిచిపెట్టే ఏర్పాటు ప్రకృతి పెట్టుకుంది. కనుక విభజన ఒక్కటే పెరిగితే కణితి నిలవదు. చావును ఆపే మార్పు కూడా తోడు కావాలి. మెల్‌బోర్న్ బృందం చూపినది కూడా ఇదే. మిక్, బీసీఎల్-2 కలిసినప్పుడు కణాలు విడివిడిగా కంటే ఎంతో బలంగా నిలదొక్కుకున్నాయి.

పెద్దపేగులో ఆ తోడు దశను బట్టి మారుతుంది. అడినోమాల్లో బీసీఎల్-2 తరచుగా ఎక్కువగా కనిపిస్తుంది. క్యాన్సర్‌గా మారాక అది తగ్గుతుంది, బీసీఎల్-ఎక్స్ఎల్ పెరుగుతుంది. 20వ క్రోమోజోము పొడవు చేతిలో బీసీఎల్-ఎక్స్ఎల్ జన్యువు ఉన్న భాగం పెద్దపేగు క్యాన్సర్లలో తరచుగా అదనపు ప్రతులు తెచ్చుకుంటుంది. అడినోమా క్యాన్సర్‌గా మారే మలుపులో పి53 చెడుతుంది.

పి53 గురించి కొంచెం ఆగి చెప్పాలి. 1979లో కనుగొన్నారు. పదేళ్ల తర్వాత, 1989లో, పెద్దపేగు క్యాన్సర్ల 17వ క్రోమోజోమును పరిశీలించిన వోగెల్‌స్టైన్ బృందమే పి53 కణితిని అణచే జన్యువని, క్యాన్సర్‌లో అది చెడుతుందని చూపింది. పెద్దపేగు క్యాన్సర్లలో సగానికి పైగా వాటిలో పి53 చెడి ఉంటుంది. డీఎన్‌ఏకు దెబ్బ తగిలినప్పుడు పి53 విభజనను ఆపుతుంది, బాగుచేయలేని దెబ్బ అయితే కణాన్ని చావుకు అప్పగిస్తుంది. ఆ అప్పగింతకు వాడే ముఖ్యమైన సాధనం ప్యూమా. 2001లో ఇది బయటపడింది కూడా పెద్దపేగు క్యాన్సర్ కణాల్లోనే.

అన్ని కణితులూ పి53 దారిలోనే పోవు. సుమారు 15 శాతం పెద్దపేగు క్యాన్సర్లలో డీఎన్‌ఏ నకలు తప్పులను సరిదిద్దే ఏర్పాటు పనిచేయదు. అలాంటి కణాల్లో ఒకే అక్షరం వరుసగా చాలాసార్లు వచ్చే చోట తప్పులు పేరుకుంటాయి. చంపే జన్యువు బ్యాక్స్‌లో సరిగ్గా అలాంటి చోటు ఉంది. జి అనే అక్షరం అక్కడ వరుసగా ఎనిమిదిసార్లు వస్తుంది. ఒక్క జి తగ్గినా పెరిగినా ఆ తర్వాత చదివేదంతా తప్పిపోయి ప్రోటీన్ తయారుకాదు. 1997లో మాన్యుయెల్ పెరూచో బృందం ఇలాంటి కణితుల్లో సుమారు సగంలో బ్యాక్స్ ఇలా చెడి ఉందని చూపింది. ఒక గుంపు పి53ని పోగొట్టుకుంది, మరొక గుంపు బ్యాక్స్‌ను పోగొట్టుకుంది. దారులు వేరు, చేరిన చోటు ఒకటే. చావు తప్పించుకోవడం పెద్దపేగు క్యాన్సర్‌కు ఎంత అవసరమో దీన్నిబట్టి తెలుస్తుంది.

చిన్నపేగు ఎందుకు తప్పించుకుంటుంది

విద్యార్థులు తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది. చిన్నపేగు పెద్దపేగు కంటే చాలా పొడవు. అందులోనూ కణాలు వేగంగా విభజన చెందుతాయి. మరి క్యాన్సర్ అక్కడ అరుదుగా, ఇక్కడ తరచుగా ఎందుకు వస్తుంది?

మాంచెస్టర్‌లో క్రిస్టఫర్ పాటెన్ బృందం దీనికొక సమాధానం సూచించింది. చిన్నపేగు మూలకణాల దగ్గర ఏ కారణం లేకపోయినా మరణం ఎప్పుడూ కొద్దికొద్దిగా జరుగుతూ ఉంటుంది. డీఎన్‌ఏకు చిన్న దెబ్బ తగిలినా ఆ కణం వెంటనే తప్పుకుంటుంది. పెద్దపేగు క్రిప్ట్ అడుగున బీసీఎల్-2 ఉంటుంది, దెబ్బతిన్న మూలకణాన్ని కాపాడుతుంది. బీసీఎల్-2 లేకుండా చేసిన ఎలుకల్లో పెద్దపేగు క్రిప్ట్ అడుగున మరణం పెరిగింది, చిన్నపేగులో పెద్దగా మారలేదు. ఆహారం నిలిచే సమయం, సూక్ష్మజీవుల సంఖ్య లాంటి తేడాలు కూడా ఉన్నాయి కనుక ఇదొక్కటే కారణమని అనను. అయినా ఒకే పేగులో రెండు భాగాల తలరాత వేరుకావడంలో కణమరణ జన్యువులకు వాటా ఉందన్నది బలమైన ఆలోచన.

చికిత్సలో ఆ జన్యువులు

ఇప్పుడు ఫోలిక్ ఆమ్లం దగ్గరికి వద్దాం. సుబ్బారావు గారి లెడర్లీ బృందం ఫోలిక్ ఆమ్లానికి ఎదురు పనిచేసే అమినోప్టెరిన్‌ను తయారుచేసింది. దాన్ని వాడి బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ 1948లో 16 మంది ల్యుకేమియా పిల్లల్లో 10 మందికి తాత్కాలికంగానైనా ఉపశమనం తెచ్చారు. కీమోథెరపీకి అది తొలి అడుగుల్లో ఒకటి.

పెద్దపేగు క్యాన్సర్‌లో ఇదే ఆలోచన ఇంకోలా వచ్చింది. 1957లో చార్లెస్ హైడెల్‌బర్గర్ 5-ఫ్లోరోయురాసిల్ అనే మందును పరిచయం చేశారు. ఇది డీఎన్‌ఏకు కావాల్సిన థైమిడిలేట్ తయారుకాకుండా, దాన్ని తయారుచేసే ఎంజైమ్‌ను పట్టుకుంటుంది. పక్కన ఫోలేట్ ఉంటే ఆ పట్టు బిగుస్తుంది. అందుకే ఈ మందుతోపాటు ఫోలినిక్ ఆమ్లం, అంటే ల్యూకోవొరిన్, కలిపి ఇస్తాం. ఇవాళ పెద్దపేగు క్యాన్సర్‌కు వాడే ఫోల్‌ఫాక్స్, ఫోల్‌ఫిరి చికిత్సలు రెండింటికీ పునాది ఈ జంటే.

మందు డీఎన్‌ఏను దెబ్బతీస్తుంది. కణాన్ని చంపేది మాత్రం కణంలోని జన్యువులే. వోగెల్‌స్టైన్ బృందం హెచ్‌సీటీ116 అనే పెద్దపేగు క్యాన్సర్ కణాల్లో పి53ని తీసేసి చూసింది. 5-ఫ్లోరోయురాసిల్‌కు ఆ కణాలు చావడం బాగా తగ్గిపోయింది. అదే కణాల్లో బ్యాక్స్‌ను తీసేసి 2000లో మరో ప్రయోగం చేశారు. సులిండాక్, ఇండోమెథాసిన్ లాంటి నొప్పి మందుల వల్ల వచ్చే కణమరణం పూర్తిగా ఆగిపోయింది, 5-ఫ్లోరోయురాసిల్ వల్ల వచ్చేది కొంత తగ్గింది. మందుకు లొంగకపోవడం అనే మాటకు కణంలో అర్థం ఇదీ. గిన్నెల్లో పెంచిన కణాల్లో ఇంత స్పష్టంగా కనిపించినా, రోగిలో పి53 ఒక్కదాన్ని చూసి కీమోథెరపీ ఫలితాన్ని చెప్పేంత నమ్మకం ఇంకా రాలేదు. ఆసుపత్రిలో కణితి ఒంటరిగా ఉండదు. చుట్టూ రక్తనాళాలు, రోగనిరోధక కణాలు, పీచు కణజాలం ఉంటాయి.

చావును ఆపే జన్యువులనే లక్ష్యంగా చేసుకునే మందులు కూడా వచ్చాయి. బీసీఎల్-2ను అడ్డుకునే వెనెటోక్లాక్స్‌కు 2016లో ఒక రకం ల్యుకేమియాకు అనుమతి లభించింది. పెద్దపేగు క్యాన్సర్‌కు ముఖ్యం బీసీఎల్-ఎక్స్ఎల్, ఎంసీఎల్-1. బీసీఎల్-ఎక్స్ఎల్‌ను అడ్డుకుంటే రక్తంలో ప్లేట్‌లెట్లు పడిపోతాయి, ఎందుకంటే వాటి బతుకు ఆ ప్రోటీన్ మీదే ఆధారపడి ఉంది. ట్రెయిల్ అనే బయటి మరణ సంకేతాన్ని మందుగా ఇచ్చిన ప్రయోగాలూ నిరాశ మిగిల్చాయి. ఆరోగ్యకరమైన కణాన్ని వదిలి క్యాన్సర్ కణాన్నే చంపడం ఎంత కష్టమో ఈ అనుభవాలు నేర్పాయి.

ఇందుకు భిన్నంగా గొప్ప ఫలితం అనుకోని చోటి నుంచి వచ్చింది. నకలు తప్పులు సరిదిద్దలేని ఆ 15 శాతం కణితుల్లో తప్పుడు ప్రోటీన్లు చాలా ఉంటాయి. రోగనిరోధక వ్యవస్థ వాటిని పరాయివిగా గుర్తించగలదు. ఆ వ్యవస్థకు వేసిన అడ్డు తొలగించే పెంబ్రోలిజుమాబ్‌ను, శరీరంలో పాకిన అలాంటి క్యాన్సర్‌కు మొదటి చికిత్సగా ఇచ్చినప్పుడు, జబ్బు మళ్లీ పెరగకుండా నిలిచిన మధ్యస్థ కాలం కీమోథెరపీతో 8.2 నెలలుంటే దీనితో 16.5 నెలలని 2020లో వెల్లడైంది. 2022లో న్యూయార్క్‌లోని మెమోరియల్ స్లోన్ కెటరింగ్ వైద్యులు పురీషనాళంలో ఇలాంటి క్యాన్సర్ ఉన్న 12 మందికి డోస్టార్లిమాబ్ మాత్రమే ఇచ్చారు. 12 మందిలోనూ పరీక్షలకు అందేంత కణితి మిగల్లేదు. బ్యాక్స్ చెడి లోపలి నుంచి చావు తప్పించుకున్న కణానికి కూడా బయటి నుంచి రోగనిరోధక కణాలు చావు తేగలవని దీని భావం.

తిండి, ఆస్పిరిన్

మనం తినే పీచు పెద్దపేగులోని సూక్ష్మజీవులకు ఆహారం. వాటి నుంచి బ్యూటిరేట్ తయారవుతుంది. మామూలు పేగు కణం దాన్ని ఇంధనంగా కాల్చుకుంటుంది. క్యాన్సర్ కణం ఎక్కువగా గ్లూకోజు మీద బతుకుతుంది కనుక బ్యూటిరేట్ లోపల పేరుకుని విభజనను ఆపుతుంది, చావుకు దారితీస్తుంది. అయితే 2000లో వెలువడిన రెండు పెద్ద ప్రయోగాల్లో, బుడిపెలు తీసేశాక పీచు ఎక్కువ తిన్నవారిలో బుడిపెలు మళ్లీ రావడం తగ్గలేదు. మరోవైపు, దీర్ఘకాలం పీచు తినేవారిలో ఈ క్యాన్సర్ తక్కువని జనాభా పరిశీలనలు చెబుతున్నాయి. జొన్న, రాగి, పప్పు, ఆకుకూర పళ్లెంలో ఉండటం మంచిదే. వాటిని మందు అనుకోవడం మాత్రం తప్పు.

ముందు చెప్పిన సులిండాక్ కోవకే చెందిన ఆస్పిరిన్ విషయంలో ఆధారం ఇంకా బలంగా ఉంది, కానీ అది కొందరికే. లించ్ సిండ్రోమ్ అనే వంశపారంపర్య లోపం ఉన్న 861 మందిలో రోజుకు 600 మిల్లీగ్రాముల ఆస్పిరిన్‌ను పరీక్షించిన జాన్ బర్న్ బృందం, సంవత్సరాల తర్వాత వారిలో పెద్దపేగు క్యాన్సర్ తగ్గిందని 2011లో చూపింది. కడుపులో రక్తస్రావం ప్రమాదం ఉంది కనుక వైద్యుడు చెప్పకుండా ఎవరూ దీన్ని మొదలుపెట్టకూడదు.

మన ముందున్న పని

ప్రపంచంలో 2022లో పెద్దపేగు, పురీషనాళ క్యాన్సర్ 19 లక్షల మందికి పైగా కొత్తగా వచ్చింది, 9 లక్షల మందికి పైగా చనిపోయారు. మన దేశంలో ఏటా సుమారు 70 వేల కొత్త కేసులని అంచనా. జనాభాతో పోలిస్తే పాశ్చాత్య దేశాల కంటే ఇది తక్కువే. కానీ మన ఆసుపత్రులకు వచ్చేవారిలో 50 ఏళ్లలోపువారి వాటా అక్కడి కంటే ఎక్కువ. హైదరాబాద్‌లోని సీడీఎఫ్‌డీ పరిశోధన కేంద్రం శాస్త్రవేత్తలు చిన్న వయసులో జబ్బు వచ్చిన భారతీయుల కణితులను పరిశీలించి, వాటిలో చెప్పుకోదగ్గ భాగంలో బీటా కెటెనిన్ దారి చురుగ్గా లేదని చూపారు. అంటే పాశ్చాత్య రోగుల్లో గీసిన బొమ్మ మన రోగులందరికీ సరిపోదు. మన కణితులను మనమే చదవాలి. ఈ గదిలో ఉన్న యువ పరిశోధకులకు నేను అప్పగిస్తున్న పని ఇది.

పాథాలజిస్టులకు, సర్జన్లకు ఒక విన్నపం. ప్రతి పెద్దపేగు క్యాన్సర్‌కూ, డీఎన్‌ఏ నకలు తప్పులను సరిదిద్దే ఎంఎల్‌హెచ్1, ఎంఎస్‌హెచ్2, ఎంఎస్‌హెచ్6, పీఎంఎస్2 అనే నాలుగు ప్రోటీన్ల పరీక్ష చేయించండి. అప్పటికే తీసిన ముక్క మీదే ఇది చేయవచ్చు, రోగికి మరో బయాప్సీ అక్కర్లేదు. ఆ నాలుగింటిలో ఒకటి కనబడకపోతే చికిత్స మారుతుంది. వంశపారంపర్యమని తేలితే తోబుట్టువుల్లో, పిల్లల్లో ఒక్కొక్కరికీ ఆ లోపం ఉండే అవకాశం సగం. వారిలో లోపం ఉన్నవారిని 20, 25 ఏళ్ల నుంచి ఏడాదికో రెండేళ్లకో కొలనోస్కోపీతో చూస్తే క్యాన్సర్‌ను రాకముందే ఆపవచ్చు.

సామాన్య శ్రోతలకు చెప్పాల్సింది దీనికంటే ముఖ్యం. చావని కణం బుడిపెగా మారి, బుడిపె క్యాన్సర్‌గా మారడానికి ఏళ్లు పడుతుందని చెప్పాను. ఆ ఏళ్లే మన అవకాశం. బుడిపెలను కొలనోస్కోపీలో తీసేసినవారిలో ఈ క్యాన్సర్‌తో మరణాలు, జనాభాను బట్టి ఊహించినదాని కంటే 53 శాతం తక్కువని అమెరికాలో దీర్ఘకాల పరిశీలన 2012లో చూపింది. మన దగ్గర మలంలో రక్తం పడితే మొలలని ఇంట్లోనే తేల్చేసుకుంటారు. నెలల తరబడి నాటు వైద్యం, ఇంజెక్షన్లు సాగుతాయి. సిగ్గు మాటను నోట్లోనే ఆపుతుంది. ఈలోగా గోడలోపలి గడ్డ గోడ దాటుతుంది.

మలంలో రక్తం పడినా, మలవిసర్జన అలవాటు కొన్ని వారాలుగా మారినా, కారణం తెలియకుండా రక్తహీనత వచ్చినా వయసు చూడకుండా వైద్యుణ్ని కలవండి, వేలితో పరీక్ష, అవసరమైతే కొలనోస్కోపీ చేయించుకోండి. తల్లికో తండ్రికో తోబుట్టువుకో ఈ జబ్బు వచ్చి ఉంటే, ఏ బాధా లేకపోయినా 40 ఏళ్లకు, లేదా వారికి జబ్బు వచ్చిన వయసుకు పదేళ్ల ముందు, ఈ రెండింటిలో ఏది ముందొస్తే అప్పుడు, పరీక్ష చేయించుకోండి. ఇంటికి వెళ్లాక మీ కుటుంబంలో ఎవరికి ఏ క్యాన్సర్ ఏ వయసులో వచ్చిందో ఒక కాగితం మీద రాసుకుని, మీ వైద్యుడికి చూపండి. కణమరణ జన్యువులను సరిదిద్దే మందు కోసం శాస్త్రం ఇంకా శ్రమిస్తోంది. బుడిపెను సకాలంలో తీసేసే విద్య మాత్రం ఇవాళ మన చేతిలోనే ఉంది, దాన్ని వాడుకోండి.